గులాబి గుర్తున్న చిల్లర



ఎవరి పుణ్యస్మృతికై మనమిచ్చట సమావేశమైతిమో ఆ యాచార్యులవారు మాకు చరిత్ర చెప్పిరి. లండనులో విద్యార్థిగా నున్ననాడు, భోజనమునకు వెచ్చింపవలసిన డబ్బులో కొంత మిగిల్చి, పాత నాణెముల దుకాణములలో ఎవ్వరును తిరిగి చూడని పళ్లెములనుండి యేరి తెచ్చికొన్న మొదటి ఎలిజబెత్తు రాణి నాటి చిన్న వెండి నాణెములు వారికి జీవితాంతము సహచరములైనవి. వారి సంచయమున బంగారము లేదు; ఆ రాణి చివరి యేండ్లలో వెలువడిన పెద్ద వెండి క్రౌనును లేదు. ఆరు పెన్సులవి, మూడు పెన్సులవి, ఒకటిన్నర పెన్నీవి, పెన్నీలు, ముప్పాతిక పెన్నీవి, అరిగినవి, వంగినవి, అంచు కత్తిరింపబడినవి, ఇవియే యుండెను. ఇంత శ్రమపడి యిట్టి నలిగిన వస్తువులను కూర్చుట యెందులకని యడిగినవారికి, ఏ రాజ్యమైనను పేదవానితో ముఖాముఖి మాటలాడునది చిల్లర డబ్బులోనే యని వారు బదులు చెప్పెడివారు. ఆ మాట యెంతవరకు నిజమో ఆ నాణెములనే సాక్ష్యముగా నిలిపి విచారించుట నేటి నా యుద్దేశము.

1558 నవంబరు 17వ తేదీన ఎలిజబెత్తు సింహాసనమెక్కునాటికి ఇంగ్లండు ధనము చెడిపోయి యుండెను. చెరిచినవాడు పరాయి శత్రువు కాడు, ఆమె తండ్రి ఎనిమిదవ హెన్రీ. యుద్ధముల వ్యయమునకు కోశము చాలక ఆ రాజు 1544 మొదలుకొని వెండిలో రాగిని కలుపుచు వచ్చెను. కొంతకాలమునకు నాణెమున మూడవ పాలు మాత్రమే వెండి మిగిలినది. అతని కుమారుడు ఆరవ ఎడ్వర్డు కాలమున 1551లో అది నాలుగవ పాలికి దిగజారినది. పైకి వెండివలె కనబడుటకై పూసిన పూత, బొమ్మలో ఎత్తుగా నున్న ముక్కు దగ్గర మొట్టమొదట అరిగి లోపలి రాగి బయటపడుటచేత, ప్రజలు ఆ మహారాజును రాగి ముక్కువాడని పిలిచిరి. ఆ 1551లోనే పన్నెండు పెన్సుల విలువతో వెలువడిన నాణెమును ప్రభుత్వము ముందు తొమ్మిదికి, వెంటనే ఆరింటికి తగ్గించినది. సాయంకాలము పెట్టెలో పెట్టుకొన్న సొమ్ము తెల్లవారునప్పటికి సగమైపోవుట యెట్టిదో, అట్టి యనుభవము గల గృహస్థులకే తెలియును.

కొత్త రాణి చేసిన తొలి గొప్ప కార్యములలో ఈ చెడ్డ ధనమును తొలగించుట యొకటి. 1560 సెప్టెంబరులో ప్రకటన వెలువడినది. పన్నెండు పెన్సులకని వెలువడి చెడిన టెస్టూను నాణెములలో కొంచెము మేలైన దానికి నాలుగున్నర పెన్సులును, మిక్కిలి హీనమైన దానికి రెండుంబాతిక పెన్సులును విలువ కట్టబడినవి. చూచినంతనే భేదము తెలియుటకై మొదటిదానిపై కోట యినుప జాలి తలుపును, రెండవదానిపై వేటకుక్కను ముద్ర వేయించిరి. ఆ ముద్రలు పడిన నాణెములు నేడు అత్యంత విరళములు. వెండిని శుద్ధిచేయు పని ఆంట్వర్పు నగరమునుండి వచ్చిన నిపుణులకు అప్పగింపబడినది. ఇంచుమించు ఒక సంవత్సరములో పని ముగిసినది. వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఆమె సమాధిపై చెక్కిన లాటిను ప్రశస్తిలో, మతమును శాంతిని నెలకొల్పుటతోపాటు ధనమును దాని న్యాయమైన విలువకు తెచ్చినదని కూడ వ్రాయబడి యున్నది. రాజుల సమాధులపై యుద్ధవిజయములు చెక్కుట సామాన్యము. నాణెమును బాగుచేసితినని చెప్పుకొన్న సమాధి నాకు తెలిసినంతలో అరుదు.

అయినను ఈ కీర్తిలో ఒక లోపము గలదు, దానిని ఆచార్యులవారు ఎన్నడును దాచలేదు. పన్నెండు పెన్సులకని తీసికొన్న నాణెము రెండుంబాతికకు దిగినప్పుడు ఆ నష్టమును భరించినది ఎవరు? ఆ దినమున దానిని చేతిలో పట్టుకొని యున్న కూలివాడు, కూరలమ్ము స్త్రీ, పొదుపు చేసికొన్న పనివాడు. తండ్రియు తమ్ముడును చేసిన యప్పును తీర్చినది రాణి కాదు, ప్రజలు. పైగా ఈ సంస్కరణమున ఖజానాకు లాభమే మిగిలినది. చికిత్స అవసరమే, సందేహము లేదు. కాని చేదు మందు తాగినవారి పేరు ఆ సమాధిపై లేదు. కావుననే ఆ వేటకుక్క ముద్ర గల ముక్క పెద్ద ప్రశస్తికంటె పూర్ణమైన చరిత్ర చెప్పునని నా విశ్వాసము.

ఇక ఈ యుపన్యాసమునకు ప్రాణమైన విషయమునకు వత్తును. మంచి వెండి తిరిగి వచ్చిన పిమ్మట మరియొక చిక్కు బయలుదేరినది. నూటికి తొంబదిరెండున్నర పాళ్ల వెండితో, పెన్నీకి ఎనిమిది గ్రెయినుల తూకముతో నాణెము చేసినయెడల, పెన్నీలో నాలుగవ పాలైన ఫార్థింగు రెండు గ్రెయినులు మాత్రమే తూగును. అంత సన్నని రేకును అచ్చువేయుట కష్టము, వ్రేళ్లతో పట్టుకొనుట కష్టము, పోగొట్టుకొనుట మాత్రము సులభము. కాని ఫార్థింగు లేనిదే పేదవాని సంసారము సాగదు. అతడు కొనునది ఒక రొట్టెముక్క, కొంచెము పుల్లని బీరు, ఒక కొవ్వొత్తి. రాగి నాణెము వేయుదమన్న, రాగి ముక్కు రాజును చూచిన జనులు రాగియనగానే బెదరుదురు. ఈ యిరుకున 1561లో టంకశాలవారు చేసిన యుపాయము, నా దృష్టిలో, ఆ శతాబ్దపు ఆర్థిక చరిత్రలో మిక్కిలి సొగసైనది.

అదివరకున్న వరుసలో నాలుగు పెన్సుల గ్రోటు, రెండు పెన్సుల అరగ్రోటు, ఒక పెన్నీ ఉండెను. వాటి ప్రక్కన ఆరు, మూడు, ఒకటిన్నర, ముప్పాతిక అను కొత్త వరుసను నిలిపిరి. ఒక్కొక్కటి తన ముందుదానిలో సగము. ఈ రెండు వరుసలు కలిసినప్పుడు గణితము పనిచేయును. ఫార్థింగు వెలగల వస్తువును కొనదలచినవాడు పెన్నీ ఇచ్చి ముప్పాతికను తిరిగి తీసికొనును. అరపెన్నీ వస్తువునకు ఒకటిన్నర ఇచ్చి పెన్నీని పుచ్చుకొనును. ఫార్థింగు నాణెము ఎక్కడను లేదు, అయినను ఫార్థింగు బేరము ప్రతి వీధిలోను జరుగును. లేని నాణెమును ఉన్న నాణెముల వ్యత్యాసముచేత సృష్టించిన ఆ బుద్ధిమంతుని పేరు చరిత్ర దాచుకోలేదు. రూపాయకు పదునారణాలు, అణాకు పన్నెండు పైలని ఎక్కములు వల్లించిన మన పెద్దలకు, షిల్లింగునకు పన్నెండు పెన్సులన్న ఈ లెక్క అంత పరాయిది కాదు.

ఒకటే యపాయము. పెన్నీయు ముప్పాతికయు పరిమాణమున దగ్గర దగ్గరవి. రెంటిమీదను కిరీటము ధరించిన రాణి ముఖమే. చదువురానివారు మోసపోకుండ కొత్త వరుస నాణెములన్నిటిమీదను రాణి తల వెనుక ఒక గులాబిని చెక్కిరి, డాలుపైన సంవత్సరమును వేసిరి. గులాబి ఉన్నచో ఆరు, మూడు, ఒకటిన్నర, ముప్పాతిక. లేనిచో నాలుగు, రెండు, ఒకటి. అక్షరము రానివానికి బొమ్మతో చెప్పిన న్యాయమిది. ఈ గుర్తు జనులకు ఎంత పరిచితమైనదో తెలియుటకు షేక్స్‌పియరు 'జాన్ రాజు' నాటకమే సాక్ష్యము. అందొక పాత్ర బక్కపలుచని ముఖమును గేలిచేయుచు, చెవిలో గులాబి పెట్టుకొన్నచో జనులు ముప్పాతిక నాణెము పోవుచున్నదందురని పరిహసించును. ఆ నాణెమును చేతితో తాకని నేటి ప్రేక్షకుడు ఆ హాస్యమునకు నవ్వలేడు; తాకినవాడు నవ్వకుండ నుండలేడు. ముప్పాతిక తూకము ఆరు గ్రెయినులు, అనగా ఇంచుమించు మన మూడు గురివింద గింజల యెత్తు. అంత పలుచని వెండి రేకుపై ముఖము, గులాబి, కిరీటము, అక్షరములు, డాలు, సంవత్సరము అన్నియు ఇమిడి యున్నవి.

ఆ యక్షరములును చదువదగినవి. ఆరు పెన్సుల నాణెముపై స్థలము కొంత కలదు గనుక ఇంగ్లండు, ఫ్రాన్సు, ఐర్లండులకు రాణియని బిరుదు పూర్తిగా, సంక్షిప్తాక్షరములతో, వ్రాయబడి యుండును. ఫ్రాన్సులో మిగిలిన చివరి పట్టణమైన కలే ఆమె రాజ్యమునకు రాక పూర్వమే, 1558 జనవరిలో, చేజారిపోయినది. బిరుదు మాత్రము నాణెముపై నిలిచినది. వెనుకవైపున 'దైవమును నాకు సహాయునిగా చేసికొంటిని' అను లాటిను వాక్యము. మిక్కిలి చిన్న నాణెములపై ఇంత వ్రాయుటకు చోటు చాలక, రాణి పేరును ఒక్క యక్షరమునకు తగ్గించి, 'ముల్లులేని గులాబి' యను విశేషణము నుంచిరి. వెనుక 'లండను నగరము' అని మాత్రము. పెద్ద నాణెమున రాణి మూడు దేశముల ప్రభువు. పేదవాని చేతిలోని నాణెమున ఆమె ఒక పువ్వు. ఇది స్థలసంకోచమువలన కలిగినదే కావచ్చును. కాని నాకు మాత్రము ఆ చిన్నదియే ఎక్కువ ప్రియము.

అవి ఎక్కడెక్కడ తిరిగినవో యూహించుటకు ఆధారములు లేకపోలేదు. లండను నాటకశాలలలో నేలపై నిలిచి చూచుటకు రుసుము ఒక పెన్నీ. ఆ డబ్బును చిన్న మట్టి హుండీలలో వేసికొని, ఆట ముగిసిన పిమ్మట వానిని పగులగొట్టెడివారు. 1989లో థేమ్సు నదికి దక్షిణతీరమున రోజ్ నాటకశాల పునాదులను త్రవ్వినప్పుడు ఆ పెంకులు దొరికినవి. ఆచార్యులవారి సంచయములోని అరిగిన పెన్నీలలో నొకటి అట్టి హుండీలో పడి యుండవచ్చునని తలచుటకు రుజువు లేదు, తలచుటకు అడ్డంకియు లేదు.

అచ్చువేయు పద్ధతి చెప్పినగాని ఈ నాణెముల వంకరలు అర్థము కావు. వెండిని కరగించి, రేకుగా సాగగొట్టి, తూకమునకు సరిపడ కత్తిరించి, దుంగలో బిగించిన క్రింది అచ్చుపై నుంచి, పై అచ్చును చేతపట్టి సుత్తితో కొట్టెడివారు. దెబ్బ ప్రక్కకు పోయినచో రాణి గడ్డము అంచు దాటును; రెండుసార్లు తగిలినచో ఆమెకు రెండు ముక్కులు. సేకరించువారిలో పలువురు ఇట్టివానిని దోషములని త్రోసివేయుదురు. నా మతమున ఇవి దోషములు కావు, ఆ దినమున ఆ సుత్తి పట్టినవాని చేతివ్రాత.

అక్షరముల మొదట నుండు చిన్న గుర్తు మరియొక విద్య. ఎలిజబెత్తు కాలమున ఇంగ్లండు నాణెములన్నియు లండను గోపురములోని టంకశాలయందే వెలువడినవి. గుర్తు స్థలమును గాక కాలమును తెలుపును. బాణపు ములికి, జాలి తలుపు, సింహము, చిన్న కిరీటము, కోట, ఓకు గింజ, అడవి గులాబి, గంట, ఆల్చిప్ప, నెలవంక, చేయి, పీపా, ఉన్ని మూట, తాళపుచెవి, లంగరు, ఇట్లు నడిచి చివరి రెండేండ్లలో ఒకటి, రెండు అంకెలతో ముగియును. ఒక్కొక్క గుర్తు క్రింద అచ్చయిన నాణెములనుండి కొన్నింటిని తీసి తాళము వేసిన పెట్టెలో భద్రపరచి, నియమిత దినమున స్వర్ణకారుల పంచాయతీ వాని తూకమును, వన్నెను పరీక్షించెడిది. ఆ పరీక్షతో గుర్తు మారును. కావున 1567 సంవత్సరము గల ఆరు పెన్సులవి రెండు దొరికి, ఒకదానిపై సింహము, రెండవదానిపై చిన్న కిరీటము ఉన్నచో, ఆ యేట పరీక్ష జరిగిన దినమునకు ఇరుప్రక్కల నిలిచిన ఇరువురు సాక్షులు మన చేతికి వచ్చినట్లే. ఆచార్యులవారు సంవత్సరములకంటె గుర్తుల ప్రకారము నాణెములను పేర్చుటకు కారణమిదియే. ఆ వరుసలో చూచినప్పుడు టంకశాల శ్వాస యాడుచున్నట్లు తోచును.

ఈ సుత్తి దెబ్బల లోకములోనికి ఎలోయ్ మెస్ట్రెల్ అను ఫ్రెంచి శిల్పి యంత్రమును తెచ్చినాడు. పారిసు టంకశాలలో పనినేర్చిన ఇతడు 1561 మొదలు సుమారు పదేండ్లు గుఱ్ఱములు త్రిప్పు యంత్రముతో నాణెములు వేసినాడు. వానివలె గుండ్రనివి, చక్కని అంచుగలవి ఆ దేశము అదివరకు చూడలేదు. 1562 నాటి ఆరు పెన్సులది నేటికిని కొనగలిగినవారిని ఊరించుచునే యున్నది. అంచు సమముగా నున్న నాణెమును కత్తిరించినచో వెంటనే తెలిసిపోవును గనుక ప్రజలకు దానివలన గొప్ప మేలు జరుగవలసినది. కాని యంత్రము నెమ్మది. సుత్తివారు పలువురు, వారి జీవనము దానితో ముడిపడి యున్నది. 1572లో అతనిని తొలగించిరి. జీవనము పోయిన ఆ శిల్పి దొంగ నాణెములు వేసిన నేరమునకు 1578లో ఉరితీయబడినాడు. యంత్రపు నాణెము ఇంగ్లండున స్థిరపడుటకు ఆ పిమ్మట ఇంకను ఎనుబదియేండ్లకు మించి పట్టినది. ఆ చక్కని గుండ్రని నాణెమును చేతబట్టినప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును.

వెండి ఎక్కడనుండి వచ్చినదన్న ప్రశ్న నడుగకుండ ముందుకు పోరాదు. కొంత పాత చెడ్డ నాణెములను కరగించుటవలన వచ్చినది. కొంత సముద్రముమీదుగా వచ్చినది. 1579లో ఫ్రాన్సిస్ డ్రేక్ పసిఫిక్ సముద్రమున స్పెయిను దేశపు నిధినావను పట్టుకొని టన్నులకొలది వెండిని తెచ్చెను. ఆ ధనములో భాగము లండను గోపురమును చేరినది. ఆ వెండి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పొటోసి కొండ. అక్కడ దానిని త్రవ్వినవారు వెట్టికి పట్టుకొని రాబడిన ఆదివాసులు. ముల్లులేని గులాబి యని వ్రాసిన ఆ వెండికి ఇట్టి ముల్లు గలదని జ్ఞాపకముంచుకొనుట సేకరించువాని ధర్మము.

1582లో గులాబి వరుసలోని చిన్నవి, అనగా మూడు, ఒకటిన్నర, ముప్పాతిక, ఆగిపోయినవి. వాని స్థానమున నాలుగు గ్రెయినుల అరపెన్నీ వచ్చినది. ఒకవైపు జాలి తలుపు, రెండవవైపు సిలువ, అక్షరములు లేవు, రాణి ముఖము లేదు. ఆరు పెన్సులది మాత్రము 1602 వరకు సాగినది. ఆశ్చర్యమేమనగా, ఇరువదియైదవ యేట గద్దెనెక్కిన రాణి అరువదితొమ్మిదవ యేట కన్నుమూయునప్పటికిని ఆ నాణెములపై ముఖము దాదాపుగా మారలేదు. కోట్లకొలది చేతులు దానిని అరగదీసినవి గాని కాలము ముసలిదానిని చేయలేదు.

ఈ నాణెములు ఆమెతో పోలేదు. 1696లో మూడవ విలియము కాలమున పాత సుత్తి నాణెములనన్నింటిని ఉపసంహరించునంతవరకు, నూరేండ్లకు పైగా, అవి చెలామణిలో నుండెను. 1640 తరువాతి అంతర్యుద్ధ కాలమున భయముతో భూమిలో పాతిపెట్టిన కుండలలో ఎలిజబెత్తు ఆరు పెన్సులవి విరివిగా దొరకును. పాతినవాడు తిరిగి రాలేదు గనుకనే అవి మనవరకు వచ్చినవి. అంచు కత్తిరించి వెండిని దొంగిలించుట ప్రభుద్రోహముగా 1563 నాటి శాసనము నిర్ణయించినది, శిక్ష మరణము. అయినను కత్తిరింపు ఆగలేదు. అక్షరములు సగము తెగిన నాణెమును చూచి, ఆ రవ్వంత వెండికై ప్రాణమును పణముగా నొడ్డినవాని ఆకలి ఎంతటిదోయని తలపోయుట తప్పదు.

కొత్తగా ఈ మార్గమున ప్రవేశింపదలచిన యువకులకు ఒకటి రెండు మాటలు. కొనుటకు ముందు తూచుడు. ఆరు పెన్సులది మూడు గ్రాములకు కొంచెము మించియుండవలెను, అరుగుదలకు కొంత తగ్గింపు పోవలెను. తోమకుడు, ఎన్నడును తోమకుడు. నల్లబడిన పైపొర నాలుగు శతాబ్దములు పట్టి యేర్పడినది, నిమ్మకాయతో క్షణములో పోవును. అరిగినదని చిన్నచూపు చూడకుడు. అన్నిటికంటె ముఖ్యము, అది ఎచ్చట దొరికినదో తెలిసినచో వ్రాసియుంచుడు. ఇంగ్లండున 1996 నాటి నిధి శాసనము ప్రకారము ఒకే చోట దొరికిన, మూడువందల యేండ్లకు పైబడిన వెండి నాణెములు రెండైనను అధికారులకు తెలుపవలెను. ఒంటరిగా దొరికిన దానినిసైతము స్వచ్ఛందముగా నమోదు చేయించు ఏర్పాటు అక్కడ గలదు. చోటు తెలియని నాణెము సగము మూగది.

మన తీరముతో ఈ వెండికి గల సంబంధమును చెప్పి ముగింతును. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్తు ఈస్టిండియా కంపెనీకి అధికారపత్రము నిచ్చినది. తూర్పుదేశములలో స్పెయిను రాజు నాణెమునకే చెలామణి గలదని విని, దానికి సరితూగునట్లు ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి టెస్టర్నుల వెండి నాణెములను, వెనుకవైపు జాలి తలుపుతో, ప్రత్యేకముగా వేయించిరి. జేమ్స్ లాంకాస్టరు నాయకత్వమున 1601లో బయలుదేరిన తొలి నౌకలతో అవి అచ్చే, బాంటము రేవులకు పోయినవి. కాని అక్కడి వర్తకులు ఎరిగిన స్పెయిను ముద్రనే కోరిరి గాని, ఎరుగని రాణి ముద్రను ఆదరింపలేదు. పది సంవత్సరములు గడచిన పిమ్మట, రాణి పోయి జేమ్సు రాజైనాక, 1611లో గ్లోబు అను కంపెనీ నౌక మన నిజాంపట్నమునకును, మచిలీపట్నమునకును వచ్చినది. అప్పుడు గోలకొండను పాలించుచున్నవాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా. అద్దకపు బట్టలకై వచ్చిన ఆ వర్తకులు వరహాలకును, రూకలకును అలవాటుపడిన మన సాహుకారుల త్రాసు ముందు నిలువవలసి వచ్చినది. ఆ త్రాసు ముద్రను చూడదు, వెండిని చూచును.

ఆచార్యులవారు తమ సంచయమునకు స్వహస్తముతో వ్రాసికొన్న పట్టిక సగములో నిలిచినది. ప్రతి నాణెమునకు తూకము, గుర్తు, సంవత్సరము, కొన్న వివరము చేర్చి దానిని పూర్తిచేయుటకు ముగ్గురు నలుగురు విద్యార్థులు కావలెను. లాటిను రానక్కరలేదు, ఓపిక యుండిన చాలును. ఈ స్మారకోపన్యాస పరంపరను నడపుచున్న సంఘమువారు అనుమతించినచో ఆ పనిని వచ్చే మాసమునుండియే ఆరంభింతుమని మనవి చేయుచున్నాను.